లోగో నుంచి ప్యాకెట్ దాకా: బ్రాండ్ గుర్తింపు, ప్యాకేజింగ్ డిజైన్ వరస తప్పకుండా చేసే పద్ధతి

లోగో వేయడం నేర్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. ఒక కొత్త ఉత్పత్తికి గుర్తు, రంగులు, అక్షరాలు ఖాయం చేసి, వాటిని అచ్చయిన పెట్టె మీదికి తప్పుల్లేకుండా ఎలా తీసుకురావాలో మాత్రం ఒకేచోట దొరకడం లేదని చాలామంది అడుగుతున్నారు. డిజైన్ ఏజెన్సీల్లో ఈ పని నడిచే క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఒక్కరే కూర్చుని చేసుకునే ఫ్రీలాన్సర్లకూ, డిజైనర్ చేత పని చేయించుకునే ఉత్పత్తిదారులకూ ఇదే పనికొస్తుంది.

ప్యాకేజింగ్‌లో డబ్బు పోగొట్టే తప్పులు చాలావరకు వరస తప్పడం వల్ల వస్తాయి. డై లైన్ (పెట్టె కోత, మడత గీతల పటం) రాకముందే డిజైన్ మొదలుపెడతారు. మ్యాటర్ (ప్యాక్ మీద పడే రాత) ఖాయం కాకముందే లేఅవుట్ చూపిస్తారు. అచ్చు ఏ మెటీరియల్ మీద పడుతుందో తెలియకుండానే రంగు ఓకే చేయించుకుంటారు. ఆ తర్వాత ప్రతి మార్పూ వెనక్కి వెళ్లి మూడు చోట్ల దిద్దాల్సి వస్తుంది.

ఉదాహరణకు మూడు సువాసనల్లో వచ్చే స్నానపు సబ్బు ఒకటి అనుకుందాం. అట్టపెట్టెలో అమ్ముతారు. ఈ సబ్బునే చివరి దాకా వెంట తీసుకెళ్తాను.

1. బ్రీఫ్ కాగితం మీదికి రావాలి

బ్రీఫ్ అంటే పని వివరాల పత్రం. క్లయింట్ ఫోన్‌లో చెప్పింది బ్రీఫ్ కాదు. అది మీరు రాసి, వాళ్లు చదివి, "అవును, ఇదే" అని ఒప్పుకుంటేనే బ్రీఫ్. రెండు పేజీలు దాటక్కర్లేదు.

అందులో తప్పకుండా ఉండాల్సినవి:

- ఉత్పత్తి ఏమిటి, ఎవరు కొంటారు, ఎవరు వాడతారు (ఈ ఇద్దరూ ఎప్పుడూ ఒకరే కారు)
- ఎక్కడ అమ్ముడవుతుంది: దుకాణం అలమరలోనా, ఆన్‌లైన్‌లోనా, రెండింటిలోనా
- ఇప్పుడు ఎన్ని రకాలు, వచ్చే రెండేళ్లలో ఎన్ని రావచ్చు
- ప్యాక్ రకం, సైజులు, నికర బరువు
- మొదటి లాట్‌లో ఎన్ని ముక్కలు వేయిస్తారు
- ప్యాక్ మీద ఏయే భాషలు ఉండాలి
- ఓకే చెప్పే అధికారం ఎవరిది: ఒకే ఒక్క పేరు
- ఎన్ని సార్లు మార్పులు చేస్తాం, ఏ తేదీకి ఏది ఇస్తాం

లాట్ సైజు డిజైనర్‌కు ఎందుకని చాలామంది వదిలేస్తారు. అచ్చు పద్ధతి దాన్నిబట్టే తేలుతుంది. కొద్ది సంఖ్యకు డిజిటల్ ప్రింటింగ్ నప్పుతుంది. అట్టపెట్టెలు ఎక్కువ సంఖ్యలో అయితే ఆఫ్‌సెట్ (ప్లేట్లతో వేసే అచ్చు). పౌచ్‌ల వంటి ఫిల్మ్ మీద పెద్ద లాట్లకు ఫ్లెక్సో (మెత్తటి ప్లేట్లతో అచ్చు), గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్లతో అచ్చు). గ్రావ్యూర్‌లో ప్రతి రంగుకూ ఒక సిలిండర్ చెక్కాలి. ఆరు రంగుల డిజైన్ అంటే ఆరు సిలిండర్లు. తర్వాత ఆర్ట్‌వర్క్‌లో ఒక్క అక్షరం మారినా, ఆ అక్షరం ఏయే రంగుల్లో ఉందో ఆ సిలిండర్లన్నీ మళ్లీ చెక్కించాలి. ఈ సంగతి తెలిసిన డిజైనర్ రంగుల సంఖ్యను మొదటి రోజే ఆలోచిస్తాడు.

"ఓకే ఎవరు చెప్తారు" అన్న ప్రశ్నను మొహమాటానికి వదిలేయకండి. ముగ్గురు భాగస్వాములు ఉన్నచోట ఇద్దరు మెచ్చుకున్న డిజైన్‌ను మూడో మనిషి చివరి వారంలో చూసి పక్కన పెట్టించడం తరచుగా జరిగేదే.

2. అలమర చూడాలి, పేరు వెతకాలి

పోటీ ఉత్పత్తుల ముందు ముఖాలన్నీ సేకరించి ఒకే పేజీలో, ఒకే సైజులో పక్కపక్కన పెట్టండి. సబ్బు అయితే ఇరవై పెట్టెలు చాలు. ఆ పేజీని చిన్నది చేసి చూస్తే అందరూ ఒకేలా చేస్తున్నదేమిటో కనిపిస్తుంది: ఒకే పచ్చ రంగు, మూలన ఒకే ఆకు, ఒకే రకం వంకీల అక్షరాలు.

అందులో రెండు జాబితాలు తీయండి. మొదటిది, ఇది సబ్బే అని కొనేవారికి వెంటనే తెలియడానికి ఉంచాల్సినవి. రెండోది, అందరూ వాడి అరగదీసినవి, మనం వదిలేయాల్సినవి. రెండో జాబితా మీదే ఎక్కువసేపు కూర్చోండి.

పేరు విషయం లోగో మొదలుకాకముందే తేల్చాలి. ట్రేడ్‌మార్క్‌ల కోసం వాడే నైస్ వర్గీకరణలో 45 తరగతులు ఉన్నాయి. 1 నుంచి 34 వరకు వస్తువులు, 35 నుంచి 45 వరకు సేవలు. మందు గుణం లేని సబ్బులు 3వ తరగతిలో వస్తాయి. ఆ తరగతిలో అదే పేరు గానీ, పలికితే అలాగే వినిపించే పేరు గానీ ఉందేమో ఆ దేశపు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో చూడాలి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లోనూ ఉచితంగా వెతకొచ్చు. ఇది తొలి వడపోత మాత్రమే. చివరి మాట ట్రేడ్‌మార్క్ న్యాయవాదిదే.

పాత బ్రాండ్‌కు కొత్త రూపం ఇస్తుంటే ఇంకో పని ఉంది. కొనేవాళ్లు ఇప్పుడు ఆ ప్యాక్‌ను దేన్ని చూసి గుర్తుపడుతున్నారో పట్టుకోవాలి. 2009 జనవరిలో పెప్సికో సంస్థ ట్రోపికానా నారింజ రసం డబ్బా రూపు మార్చింది. స్ట్రా గుచ్చిన నారింజ పండు బొమ్మ తీసేసి గ్లాసులో రసం పెట్టింది. అలవాటైన బొమ్మ కనబడక కొనేవాళ్లు గొడవ చేశారు. కొన్ని వారాల్లోనే పాత డబ్బాను వెనక్కి తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. ప్యాక్‌ను అయిదు నిమిషాలు చూపించి దాచేసి, గుర్తున్నంత వరకు గీయమని పదిమందిని అడగండి. అందరి కాగితాల మీదా వచ్చినదాన్ని ముట్టుకోకండి.

3. దిశను ఒక వాక్యంలో తేల్చాలి

"ప్రీమియంగా, మోడర్న్‌గా, అందరికీ నచ్చేలా" అంటే ఏ డిజైనర్‌కూ దారి దొరకదు. దిశ అంటే ఎంపిక. మన సబ్బుకు ఇలా రాయొచ్చు: "సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు లేబుల్ చదివి నమ్మి కొనే సబ్బు. అలంకారం తక్కువ, సమాచారం స్పష్టంగా."

ఇలా రాసుకుంటే వచ్చే నిర్ణయాలు సులువవుతాయి. బంగారు ఫాయిల్ పెడదామా అని ఎవరైనా అడిగితే ఈ వాక్యం దగ్గరికి వెళ్లండి. జవాబు అక్కడే ఉంటుంది.

దీనికి తోడు ఒక మూడ్ బోర్డు (దిశను చూపే బొమ్మల పేజీ) చేయండి. రెండు భిన్నమైన దిశలు చాలు, అయిదు వద్దు. పోటీ బ్రాండ్ల లోగోలు అందులో పెట్టొద్దు. పెడితే క్లయింట్ "ఇలాంటిదే కావాలి" అంటారు, పని అక్కడే ఆగిపోతుంది. పదార్థాలు, ఉపరితలాలు, వెలుతురు, అక్షరాల తీరు చూపించే బొమ్మలు పెట్టండి.

4. లోగో: ముందు నలుపులో

కాగితం, పెన్సిల్‌తో మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ తెరవగానే చేయి గీతను నున్నగా సర్దడం మీదికి పోతుంది, ఆలోచన అక్కడితో నిలిచిపోతుంది.

వరస ఇదీ:

మొదట పేరును మామూలు అక్షరాల్లో రాసి చూడండి. అక్షరాల మధ్య సహజంగా కుదిరే చోటు ఎక్కడైనా ఉందా? చాలా బ్రాండ్లకు అక్షరాలతో చేసిన లోగో సరిపోతుంది. పక్కన వేరే బొమ్మ కావాలా వద్దా అన్నది తర్వాతి సంగతి.

బాగున్న మూడింటిని వెక్టర్‌లో (ఎంత పెంచినా చెదరని గీతలుగా) గీయండి. రంగు లేకుండా, గ్రేడియంట్ లేకుండా, నీడ లేకుండా. నలుపులో నిలబడని లోగోను రంగు కాపాడలేదు.

తర్వాత ఈ పరీక్షలు పెట్టండి:

- 16 పిక్సెల్స్ సైజులో గుర్తు తెలుస్తోందా
- ప్యాక్ మీద 12 మిల్లీమీటర్ల వెడల్పులో పేరు చదవగలుగుతున్నామా
- నల్ల నేల మీద తెల్లగా తిప్పితే గీతలు లావుగా కనిపిస్తున్నాయా (కనిపిస్తాయి, అందుకే తిప్పిన రూపానికి కాస్త సన్నగా సవరించిన వేరే ఫైల్ ఉంచుతారు)
- తలకిందులు చేసినా, అద్దంలో చూసినా వేరే అర్థం ఏదీ రావడం లేదు కదా
- ఎంబోస్ చేస్తే (ఉబ్బెత్తుగా అచ్చొత్తితే), ఒకే రంగులో ముద్ర వేస్తే నిలుస్తుందా

మన సబ్బుకు చివరి పరీక్ష మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ లోగో సబ్బు బిళ్ల మీద కూడా అచ్చు పడాలి. సన్నని గీతలు రెండు స్నానాలకే చెరిగిపోతాయి.

క్లయింట్‌కు చూపేటప్పుడు రెండు లేదా మూడు మాత్రమే చూపించండి. ప్రతిదాన్నీ ప్యాక్ మీద, బిళ్ల మీద, ఫోన్ తెర మీద పెట్టి చూపించండి. తెల్ల పేజీ మధ్యలో ఒంటరిగా ఉన్న లోగోను చూసి ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు. మీకు నచ్చనిదాన్ని లెక్క కోసం కలపొద్దు. వాళ్లు దాన్నే ఎంచుకుంటే ఏళ్ల తరబడి దానితోనే పని చేయాలి.

5. రంగులు: తెర మీద ఓకే చేయించుకోవద్దు

తెర ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వెలుగు. అచ్చు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరా. తెర మీద మెరిసే నారింజ, గాఢమైన నీలం, నియాన్ పచ్చ నాలుగు రంగుల అచ్చులో మందగిస్తాయి. ఇది ప్రింటర్ తప్పు కాదు, ఆ సిరాలకు ఉన్న హద్దు.

అందుకే బ్రాండ్ ముఖ్య రంగును పాంటోన్ (నంబర్లతో ఉన్న ప్రామాణిక రంగుల) పుస్తకంలో, అచ్చయిన చిట్టా చూసి ఎంచుకోండి. కోటెడ్, అన్‌కోటెడ్ పుస్తకాలు వేరువేరుగా ఉంటాయి. నంబర్ ఒకటే, సిరా ఒకటే, కానీ నున్నటి కాగితం మీద ఒకలా, సిరా పీల్చే కాగితం మీద ఇంకోలా పడుతుంది. మీ పెట్టె దేంతో చేస్తారో ఆ పుస్తకమే చూడాలి.

ప్రతి బ్రాండ్ రంగుకూ ఈ విలువలు రాసి ఉంచండి: పాంటోన్ కోటెడ్, పాంటోన్ అన్‌కోటెడ్, సీఎంవైకే, ఆర్‌జీబీ, హెక్స్ (వెబ్ రంగు కోడ్). సాఫ్ట్‌వేర్ తనంతట తాను మార్చి ఇచ్చిన సీఎంవైకేను నమ్మి వదిలేయకుండా ఒకసారి ప్రూఫ్ (పరిశీలనకు తీసే అచ్చు నమూనా) తీయించి సరిచూడండి.

మూడు సువాసనలకు మూడు రంగులు పెడతారు కదా. ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే తేడాగా పెడితే వర్ణాంధత్వం ఉన్నవారికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. రంగుతో పాటు పేరు పెద్దగా ఉండాలి, లేదా బొమ్మ మారాలి. ఫైల్‌ను ఒకసారి గ్రేస్కేల్‌లోకి మార్చి చూస్తే సంగతి తేలిపోతుంది.

6. అక్షరాలు

రెండు ఫాంట్లు చాలు: శీర్షికకు ఒకటి, చదివే రాతకు ఒకటి. లైసెన్స్ తప్పక చూడండి. డెస్క్‌టాప్, వెబ్, యాప్ వాడకాలకు చాలా కంపెనీలు వేరువేరు లైసెన్సులు అడుగుతాయి. ఆ లైసెన్స్ మీ పేరు మీద కాకుండా క్లయింట్ పేరు మీద ఉండాలి.

ప్యాక్ మీద తెలుగు ఉంటే అదనంగా శ్రద్ధ పెట్టాలి. పైన గుడి, కింద వత్తు ఉండటం వల్ల తెలుగుకు ఇంగ్లిష్‌కన్నా వరసల మధ్య ఎక్కువ దూరం కావాలి. ఇంగ్లిష్‌కు పెట్టిన లీడింగే పెడితే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. నేనైతే అక్షరం సైజుకు దాదాపు ఒకటిన్నర రెట్ల దూరంతో మొదలుపెట్టి, ఆ తర్వాత కంటితో చూసి తగ్గిస్తాను.

అడోబీ ఇన్‌డిజైన్ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేస్ట్ చేయగానే వత్తులు విడిపోయి "స్ నానం" లాగా కనిపిస్తే ఫాంట్‌ను తిట్టకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో అడోబీ వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే కుదురుకుంటుంది. తర్వాత కూడా "క్ష్మ", "స్త్రీ", "ర్థ్య" వంటివి ఉన్న పదాలను విడిగా ఒకసారి చూసుకోండి. యూనికోడ్ కాని పాత ఫాంట్ల బదులు యూనికోడ్ ఫాంట్లు (ఎక్కడైనా ఒకేలా చదవగల కోడ్‌లోవి) వాడండి, లేకపోతే వెబ్‌సైట్‌కు అదే మ్యాటర్ కావాల్సివచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాలి.

7. డై లైన్ చేతికి వచ్చాకే ప్యాకేజింగ్

ఇక్కడి నుంచి ప్యాకేజింగ్ పని. మొదటి అడుగు సాఫ్ట్‌వేర్‌లో కాదు, ప్రింటర్ దగ్గర.

డై లైన్ అంటే పెట్టెను విప్పి పరిచినప్పుడు ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో చూపే గీతల పటం. అది పెట్టె చేసేవాళ్ల దగ్గర నుంచే రావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేట్ మీద డిజైన్ చేసి, చివర్లో అసలు డై లైన్‌కు సర్దడం పూర్తిగా వృథా శ్రమ.

డై లైన్‌తో పాటు ఇవి అడిగి తెచ్చుకోండి:

- అట్ట లేదా ఫిల్మ్ రకం, మందం, జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు బరువు, గ్రాముల్లో)
- అచ్చు పద్ధతి, ఎన్ని రంగులు, స్పెషల్ రంగులకు వీలుందా
- బ్లీడ్ (కోత గీత దాటి పొడిగించే రంగు) ఎంత (అట్టపెట్టెలకు సాధారణంగా 3 మిల్లీమీటర్లు), కోత గీత నుంచి రాత ఎంత దూరం ఉండాలి
- గమ్ అంటించే చోటు: అక్కడ సిరా, వార్నిష్, లామినేషన్ ఉండకూడదు, ఉంటే అతుకు ఊడుతుంది
- బ్యాచ్ నంబర్, తేదీ కొట్టే చోటు, కొట్టే యంత్రం రకం
- లామినేషన్, స్పాట్ యూవీ (కొన్ని చోట్లే మెరుపు పూత), ఫాయిల్, ఎంబోస్ ఏవి ఉన్నాయి
- ఏ కలర్ ప్రొఫైల్‌లో (రంగుల సెట్టింగ్‌లో) ఫైల్ కావాలి, మొత్తం సిరా హద్దు ఎంత

పౌచ్ అయితే సీల్ పడే అంచులు, వెనక అతుకు, యంత్రం చదివే ఐ మార్క్ ఎక్కడో కూడా అడగాలి. ఐ మార్క్ దారిలో ఇంకే డిజైనూ రాకూడదు. వస్తే యంత్రం దాన్నే గుర్తుగా తీసుకుని ప్యాకెట్లను నడుమకు కోసేస్తుంది. పారదర్శక ఫిల్మ్, వెండి ఫిల్మ్ అయితే రంగుల కింద తెల్ల సిరా పొర వేయాలి. అది లేకపోతే రంగులు నేలలో కలిసిపోతాయి. ఎక్కడ తెలుపు వేయాలో, ఎక్కడ వదలాలో చూపే విడి లేయర్ డిజైనరే ఇవ్వాలి.

సీసాకు ష్రింక్ స్లీవ్ అయితే ఫిల్మ్ వేడికి ముడుచుకుంటుంది. మెడ దగ్గర ముఖాలూ లోగోలూ వంకరపోతాయి. ముఖ్యమైనవన్నీ సీసా నిటారుగా ఉన్న భాగంలో పెట్టండి.

8. మ్యాటర్ ముందు, లేఅవుట్ తర్వాత

ప్యాక్ మీద పడే ప్రతి అక్షరాన్నీ ఒక పట్టికలో రాయించండి. ఏ ముఖం మీద, ఏ భాషలో, ఎవరు ఆమోదించారు అన్న గళ్లు ఉండాలి. ఉత్పత్తి పేరు, రకం, నికర పరిమాణం, పదార్థాలు, వాడే విధానం, హెచ్చరికలు, తయారీదారు వివరాలు, ఫిర్యాదుల చిరునామా, బ్యాచ్, తేదీలు.

ఏవి తప్పనిసరి, ఏ సైజు అక్షరాల్లో ఉండాలి అన్నది ఉత్పత్తిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. ఈ మ్యాటర్‌కు చట్టపరమైన బాధ్యత క్లయింట్‌దేనని ఒప్పందంలో రాయండి. అయినా తప్పనిసరి రాత పట్టే చోటును ముందే కొలిచి పెట్టడం మీ పని. చిన్న పెట్టెకు మూడు భాషలు ఇస్తే వెనక ముఖం నిండిపోతుంది, అప్పుడు పక్క ముఖాల మీది అలంకారం తీసేయాల్సి వస్తుంది.

"100 శాతం సహజం", "వైద్యులు సూచించారు" లాంటి మాటలకు రుజువు అడగండి. రుజువు లేనిదాన్ని అందంగా పేర్చడం కొనేవాళ్లకు చేసే అన్యాయం.

9. ముందు ముఖం

నడుస్తూ వెళ్లే మనిషి ప్యాక్ వంక చూసేది క్షణం సేపు. ఆ క్షణంలో కళ్లు ఏ వరసలో తిరగాలో మీరు నిర్ణయించాలి. మన సబ్బుకు: బ్రాండ్, ఇది ఏ సబ్బు, ఏ సువాసన, ఒకే ఒక్క ముఖ్యమైన గుణం, నికర బరువు. అయిదే. ఆరోది అడిగితే ఏది తీసేయాలో క్లయింట్‌నే చెప్పమనండి.

మూడు రకాలనూ ఒకేసారి డిజైన్ చేయండి. ఒకదాన్ని పూర్తిచేసి మిగతా రెండింటికి రంగు మార్చడం మామూలుగా చేసే పొరపాటు. ఒక సువాసన పేరు మూడక్షరాలు, ఇంకోదాని పేరు పదకొండు అక్షరాలు ఉంటుంది. పొడుగు పేరుతో మొదలుపెడితే పొట్టిది సులువుగా కుదురుతుంది. ఏది మారదు (లోగో చోటు, గీతల జాలం, సమాచారం వరస), ఏది మారుతుంది (రంగు, బొమ్మ, పేరు) అని రెండు లేయర్లుగా విడదీసుకోండి. నాలుగో రకం వచ్చినప్పుడు అరపూటలో అయిపోతుంది.

రెండు మీటర్ల దూరంలో పెట్టి చూడండి. తర్వాత ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులో చూడండి. రెండుచోట్లా బ్రాండ్, రకం తెలియాలి.

10. బార్‌కోడ్‌కు చోటు మొదట్లోనే

దీన్ని చివర్లో మూలకు తోసేవాళ్లే ఎక్కువ. ఈఏఎన్-13 (13 అంకెల) బార్‌కోడ్ ప్రమాణ సైజు, రెండు పక్కల ఖాళీతో కలిపి, 37.29 × 25.93 మిల్లీమీటర్లు. దీన్ని 80 శాతం వరకు తగ్గించొచ్చు, 200 శాతం వరకు పెంచొచ్చు. 80 శాతానికి అది సుమారు 29.83 × 20.74 మిల్లీమీటర్లు అవుతుంది. మన సబ్బు పెట్టె పక్క ముఖం 28 మిల్లీమీటర్లే ఉందనుకోండి, అడ్డంగా పట్టదు. నిలువుగా తిప్పాలి, లేదా వెనక ముఖానికి మార్చాలి. ఈ లెక్క లేఅవుట్‌కు ముందే చేసుకోవాలి.

ప్రమాణ సైజులో ఎడమవైపు కనీసం 3.63, కుడివైపు 2.31 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అక్కడ బొమ్మ గానీ గీత గానీ వస్తే స్కానర్ తడబడుతుంది.

గీతలు నలుపు, నేల తెలుపు అయితే దిగులు లేదు. స్కానర్లు చాలావరకు ఎర్రటి వెలుతురు వాడతాయి, కాబట్టి ఎర్ర గీతలు వాటికి తెల్లగానే కనిపిస్తాయి. ఎరుపు, నారింజ గీతలు పెట్టొద్దు. చిన్న గుండ్రటి సీసా మీద అయితే, సీసా నిలబెట్టినప్పుడు గీతలు నిచ్చెన మెట్ల మాదిరి అడ్డంగా వచ్చేలా తిప్పాలి, లేకపోతే వంపులో అంచు గీతలు దాక్కుంటాయి. నంబర్‌ను క్లయింట్ జీఎస్‌1 సంస్థ నుంచి తీసుకోవాలి. ప్రతి సువాసనకూ, ప్రతి సైజుకూ నంబర్ వేరు.

11. డమ్మీ కట్టి చేత్తో తిప్పాలి

మామూలు ప్రింటర్‌లో 100 శాతం సైజులో తీసి, కత్తిరించి, మడిచి, గమ్ అంటించి, లోపల అసలు సబ్బు పెట్టండి. త్రీడీ మాకప్ (కంప్యూటర్‌లో చేసిన పెట్టె బొమ్మ) దీనికి బదులు కాదు. మాకప్‌లో పెట్టె ఎప్పుడూ సరిగ్గానే మూసుకుంటుంది.

డమ్మీలో బయటపడేవి ఇవే: పై మూత మీది రాత తలకిందులుగా రావడం, వెనక ముఖం తిప్పితే అక్షరాలు పక్కకు పోవడం, గమ్ అంచు కింద చిరునామా దాక్కోవడం, మూత తెరిచే చోట లోగో చిరగడం.

మడత గీత మీదే రంగు మారేలా పెడితే ఒక మిల్లీమీటర్ జరిగినా ముందు ముఖం అంచున పక్క రంగు సన్నని చారలా కనిపిస్తుంది. ముందు ముఖం రంగునే పక్క ముఖంలోకి కొంత కొనసాగించి, అక్కడ మార్చండి. ముదురు రంగు మడత దగ్గర పగిలి తెల్లటి అట్ట కనిపించే ప్రమాదం ఉంది. లామినేషన్ ఉంటే అది తగ్గుతుంది.

డమ్మీని డిజైన్ గురించి ఏమీ తెలియని ఇద్దరి చేతిలో పెట్టండి. ఏమీ చెప్పకండి. ఎటు తిప్పుతున్నారో, దేనికోసం వెతుకుతున్నారో చూడండి.

12. ప్రింట్ ఫైల్

ఇక్కడ నింపాదిగా, ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ వెళ్లాలి.

- డై లైన్ విడి లేయర్‌లో, విడి స్పాట్ రంగులో (సీఎంవైకే కాకుండా వేరుగా పేరు పెట్టిన రంగు), ఓవర్‌ప్రింట్‌గా (కింది రంగును చెరపకుండా పైన పడేలా) ఉంది
- ఫొటోలు అసలు సైజులో 300 పీపీఐ (అంగుళానికి పిక్సెల్స్), సీఎంవైకేలో ఉన్నాయి
- చిన్న నల్ల రాత నలుపు ఒక్క సిరాతోనే ఉంది. నాలుగు సిరాలు కలిపితే కాస్త జరిగినా మసకబారుతుంది
- పెద్ద నల్ల నేలకు రిచ్ బ్లాక్ (ఇతర సిరాలు కలిపిన నలుపు), ప్రింటర్ చెప్పిన హద్దు లోపల (నాలుగూ వందేసి పెడితే 400 శాతం అవుతుంది, ఆఫ్‌సెట్‌లో హద్దు సాధారణంగా 300–330 దగ్గర ఉంటుంది)
- ముదురు నేల మీద తెల్ల రాత మరీ సన్నగా, మరీ చిన్నగా లేదు
- ఫాయిల్, స్పాట్ యూవీ, ఎంబోస్, తెల్ల సిరా వేరువేరు స్పాట్ రంగుల్లో ఉన్నాయి
- బ్లీడ్ అన్ని కోత అంచుల్లోనూ ఉంది
- ఫాంట్లు ఔట్‌లైన్ అయ్యాయి; ఎడిట్ చేయగల ఫైల్ విడిగా భద్రంగా ఉంది
- ఫైల్ పేరులో ఉత్పత్తి, సైజు, వెర్షన్ నంబర్ ఉన్నాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" లాంటివి లేవు

ఇంకొక్కటి. తెల్ల రంగు వస్తువుకు పొరపాటున ఓవర్‌ప్రింట్ పడితే అది తెర మీద కనిపిస్తుంది, అచ్చులో మాయమవుతుంది. లోగో లేకుండా పెట్టెలు వచ్చేది ఇలాగే. అక్రోబాట్‌లో ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ, సెపరేషన్స్ తెరిచి ప్రతి రంగునూ విడిగా చూశాకే పీడీఎఫ్/ఎక్స్-4 (అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్ రూపం) గానీ ప్రింటర్ అడిగిన ఫార్మాట్ గానీ పంపండి.

13. ప్రూఫ్, ప్రెస్ దగ్గర

రెండు రకాల ప్రూఫ్‌లను కలపొద్దు. మ్యాటర్ చూసుకోవడానికి మామూలు పీడీఎఫ్ చాలు. రంగు చూసుకోవడానికి కాలిబ్రేట్ చేసిన (రంగు సరిచేసిన యంత్రం మీద తీసిన) హార్డ్ ప్రూఫ్ (కాగితం మీది ప్రూఫ్) కావాలి, వీలైతే అసలు అట్ట మీద. ప్రూఫ్‌ను 5000 కెల్విన్ ప్రామాణిక వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైట్ కింద సరిపోయిన రంగు కిటికీ దగ్గర వేరుగా కనిపిస్తుంది.

మ్యాటర్ చదివేటప్పుడు ఇద్దరు కూర్చోండి. ఒకరు ఆమోదించిన పట్టిక చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద వేలు పెట్టి చూడాలి. అంకెలు, ఫోన్ నంబర్, పిన్ కోడ్ ఒక్కో అంకెగా పలకాలి. బార్‌కోడ్‌ను స్కాన్ చేసి నంబర్ సరిచూడాలి. పాత ఉత్పత్తి ఫైల్ నుంచి కాపీ అయిన బార్‌కోడ్ అలాగే ఉండిపోవడం ఎక్కువగా జరిగే ప్రమాదం.

క్లయింట్ సంతకం, తేదీ, వెర్షన్ నంబర్ ప్రూఫ్ మీదే తీసుకోండి.

మొదటి లాట్ అచ్చు వేసే రోజు ఎవరో ఒకరు ప్రెస్ దగ్గర ఉండాలి. బ్రాండ్ రంగును స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిపించండి. డెల్టా ఇ (రెండు రంగుల తేడా కొలత) 2 దాటకపోతే తేడా కంటికి అంతగా ఆనదు. ఎంత వరకు ఒప్పుకుంటామో ఆర్డర్‌లోనే రాసి ఉంటే ప్రెస్ దగ్గర వాదన ఉండదు. లామినేషన్ చేశాక షేడ్ కాస్త మారుతుంది, మ్యాట్ లామినేషన్‌తో రంగు కొంచెం మందగిస్తుంది. లామినేషన్ అయిన ముక్క చూశాకే ఓకే చెప్పండి.

14. తరచుగా వచ్చే చిక్కులు, విరుగుడు

"లోగో పెద్దది చేయండి" అంటున్నారు. చాలాసార్లు లోగో సైజు సరిగానే ఉంటుంది, చుట్టూ ఉన్నవి దాంతో పోటీ పడుతుంటాయి. చుట్టూ ఖాళీ పెంచి, పక్కవాటిని తగ్గించి మళ్లీ చూపించండి.

రెండో లాట్‌లో రంగు మారింది. ప్రింటర్ మారారా, అట్ట మారిందా, రెండూ అడగండి. మొదటి లాట్ నుంచి ఓకే చేసిన నమూనా లేకపోతే ఎవరినీ నిలదీయలేరు.

పెట్టె బాగుంది, ఆన్‌లైన్‌లో కనబడటం లేదు. ఆన్‌లైన్ కోసం ముందు ముఖానికి ఇంకో సరళమైన బొమ్మ చేయండి: బ్రాండ్, రకం, పరిమాణం పెద్దగా. ప్యాక్‌ను మార్చక్కర్లేదు.

వ్యాఖ్యలు అయిదుగురి నుంచి అయిదు రకాలుగా వస్తున్నాయి. పని ఆపండి. బ్రీఫ్‌లో పేరున్న ఒక్కరే అన్నీ కలిపి ఒకే జాబితాగా పంపాలని చెప్పండి. అది వచ్చేదాకా ఫైల్ తెరవొద్దు.

చివరి నిమిషంలో మ్యాటర్ మార్పు వచ్చింది. ప్లేట్లు అయ్యాయా లేదా ముందు కనుక్కోండి. కాకపోతే కొత్త వెర్షన్ నంబర్‌తో ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచి చదవాలి, మార్చిన వాక్యం ఒక్కటే కాదు. ఒక వరస పెరిగితే కింద ఉన్నది జరిగి బార్‌కోడ్ ఖాళీలోకి రావచ్చు.

15. అప్పగింత

బ్రాండ్ గైడ్ వంద పేజీలు ఉండక్కర్లేదు. పన్నెండు పేజీల గైడ్‌ను జనం తెరుస్తారు. లోగో రూపాలు, కనీస సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, రంగుల విలువలు, ఫాంట్లు, ప్యాక్‌లో మారేవి మారనివి, చేయకూడని నాలుగైదు పనులు. ప్రతిదానికీ బొమ్మ ఉండాలి.

ఇవ్వాల్సిన ఫోల్డర్లు:

- లోగో: వెక్టర్ పీడీఎఫ్, ఎస్‌వీజీ, పీఎన్‌జీ; రంగులో, నలుపులో, తెలుపులో
- ప్యాకేజింగ్: ప్రతి రకానికీ ఎడిట్ చేయగల ఫైల్, ప్రింట్ పీడీఎఫ్, డై లైన్
- ఆమోదించిన మ్యాటర్ పట్టిక
- ఫాంట్లు కొన్న రసీదులు, ఫొటోల లైసెన్సులు
- సంతకం ఉన్న ప్రూఫ్ స్కాన్

హక్కులు ఎప్పుడు క్లయింట్‌కు బదిలీ అవుతాయో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. పూర్తి చెల్లింపు అందిన రోజున అని రాయడం వాడుక.

మొదటి లాట్ రాగానే ఓకే చేసిన ముక్కలు కొన్ని తీసి, వెనక తేదీ, లాట్ నంబర్, సంతకం వేయించండి. ఒకటి క్లయింట్ దగ్గర, ఒకటి ప్రింటర్ దగ్గర, ఒకటి మీ దగ్గర. ఎండ తగలని కవరులో దాచండి, ఎందుకంటే వెలుతురుకు సిరా వెలిసిపోతుంది. రెండో లాట్ వచ్చినప్పుడు దాన్ని ఫైల్‌తో కాకుండా ఈ ముక్కతో పోల్చి చూడండి.